అరఘట్టమునకు పళ్ళెన్ని? – దంతచక్రముల చరిత్రము

గత సంవత్సరము జరిగిన మన మహాసభలో ప్రాచీన భారతీయ యంత్రవిద్యనుగూర్చి మేము ముప్పావుగంటసేపు ఉపన్యసించితిమి. ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు సంస్కృతము చెప్పిన నోరు గనుక శ్లోకములకు కొఱత లేదు. సభాసదులును దయతో కరతాళధ్వనులు చేసిరి. ఆ యుపన్యాసమున మేము మిక్కిలి నొక్కి చెప్పిన సంగతి యొకటి కలదు. నూతినుండి నీరు తోడు అరఘట్టమను యంత్రము మన సంస్కృతగ్రంథములలో బహుకాలముక్రిందటనే కానవచ్చుచున్నది. కావున నేడు కార్ఖానాలలో గేరు అని వ్యవహరించు పళ్ళచక్రమును లోకమునకు మొట్టమొదట నిచ్చినవారు మన పూర్వులే యని ఘంటాపథముగా చాటితిమి.

సభ ముగిసి అందఱును భోజనములకు లేచుచుండగా, జన్మమంతయు వడ్రంగపు బల్లయొద్దను లేతు మిషను నొద్దను గడపిన పెద్ద యొకరు మెల్లగా మాయొద్దకు వచ్చి, "పంతులుగారూ, అంతా బాగానే సెలవిచ్చారు గాని, ఆ చక్రానికి పళ్ళెన్నో ఎక్కడైనా రాసి ఉందాండీ?" అని యడిగిరి. మాకు బదులు తోచలేదు. చూచి చెప్పెదమంటిమి. ఏడాదిపాటు చూచితిమి. ఇప్పుడు సంచికకు వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు కోరగా, ఆ పెద్దకు మేము బాకీపడిన జవాబునే యిచ్చట వ్రాయుట న్యాయమని తలంచితిమి.

పళ్ళెన్ని యని యడుగుట చాదస్తము కాదు. పళ్ళచక్రముయొక్క ప్రాణమంతయు ఆ సంఖ్యలోనే యున్నది. రెండు నున్నని చక్రముల నొండొంటికి ఆనించి యొకదానిని త్రిప్పినచో రెండవదియు తిరుగును. కాని బరువు పడగనే జాఱును. రాట్నమున పెద్దచక్రమునుండి కదురునకు పోవు త్రాడును అట్టిదే. వడుకువారికి ఆ జాఱుటవలన నష్టము లేదు సరికదా, పోగు తెగకుండుటకు మేలే. కాని జాఱరాని పని వచ్చినప్పుడు అంచులకు పళ్ళు కోయవలసినదే. 12 పళ్ళ చక్రము 60 పళ్ళ చక్రమును త్రిప్పునప్పుడు చిన్నది అయిదు చుట్లు తిరిగిన గాని పెద్దది ఒక్క చుట్టు తిరుగదు. ఆ విధముగా వేగమున నాలుగుపాళ్ళు పోగొట్టుకొనగా, ఇరుసును త్రిప్పు బలము రమారమి అయిదింత లగును. రాపిడికి పోవు కొంచెమును మాత్రము తీసివేయవలెను. పెద్దదే చిన్నదానిని త్రిప్పెనా, లెక్క తలక్రిందగును: వేగము పెరిగి బలము తగ్గును. రాయలసీమ గుట్టలమీద నిలుచున్న గాలిమరలలో పెక్కింటి రెక్కలు నిమిషమునకు పది పదునైదు చుట్లకంటె నెక్కువ తిరుగవు. లోపలి విద్యుజ్జనకయంత్రమునకో వేయికి పైబడిన చుట్లు కావలెను. నడుమనున్న పళ్ళచక్రముల పెట్టె ఆ రెంటికిని సంధి కుదుర్చును. బలమును వేగమును రెంటిని ఒక్కమారుగా పెంచు చక్రమును మాత్రము ఎవ్వడును చేయలేదు, చేయజాలడు.

దిక్కు మార్చుట రెండవ ప్రయోజనము. మా చిన్ననాట ఊరిబయట చెరకు గానుగ యాడుచుండెను. ఎద్దు నడుమ రూలును నేరుగా త్రిప్పుచుండ, దాని తలపైని యినుప పళ్ళు ప్రక్క రూళ్ళ పళ్ళను పట్టి వానిని ఎదురుదిక్కునకు త్రిప్పెడివి. రెండు రూళ్ళును ఒక్క దిక్కునకే తిరిగినచో చెరకు లోనికి పోదుగదా. రసము కొఱకు మేము చెంబు పట్టుకొని నిలుచుండగా, "అక్కడ వేలుపెడితే గానుగకు చెరకూ వేలూ ఒకటేరా" అని మా తాతగారు కసరెడివారు. ఆ జాతి యినుప గానుగలు 1870 దశాబ్దమున బిహారులోని బేహియాలో తయారై దేశమంతట వ్యాపించినవని ఎంతో కాలమునకు గాని మాకు తెలియలేదు. చిన్ననాడు మేము దానిని కృతయుగమునాటి వస్తువనియే యనుకొంటిమి!

ఇక అరఘట్టము. పంచతంత్రమున గంగదత్తుడను కప్పరాజు దాయాదుల బాధ పడలేక, అరఘట్టముయొక్క ఘటీమాలను పట్టుకొని నూతినుండి వెలికివచ్చిన కథ మన పిల్లలకు సైతము తెలిసినదే. ఘటీమాల యనగా కడవల దండ. కావున చక్రముమీదుగా కడవల దండ నూతిలోనికి దిగి నీరు తెచ్చుచుండెననుట నిస్సంశయము. కాని ఆ చక్రమును ఎవరు త్రిప్పిరి? ఎద్దు త్రిప్పెనా, మనుజుడు కాలితో త్రొక్కెనా, చేతితో లాగెనా? ఎద్దు నేలమీద గుండ్రముగ తిరుగును. కడవల చక్రము నూతిపై నిలువుగ తిరుగును. అడ్డముగ తిరుగు తిరుగుడును నిలువు తిరుగుడుగా మార్చుటకు పళ్ళు కావలెను. ఆ పళ్ళ ప్రసక్తి గంగదత్తుని కథలో లేదు. అరఘట్టమనగా ఆకులు గల చక్రమని వ్యుత్పత్తి చెప్పుకొనినను, ఆకులు చక్రము నడుమనుండునవి, పళ్ళు అంచుననుండునవి. వ్యుత్పత్తినిబట్టి యంత్రమును కట్టుట మావంటి పండితుల జబ్బు.

ఈ జబ్బునకు మందు భాషలోనే దొరకినది. అరఘట్టశబ్దమే హిందీలో రహట్ అనియు మరాఠీలో రహాట్ అనియు మాఱినది. నేడు పంజాబు ప్రాంతమున రహట్ అనగా పళ్ళచక్రములతో ఎద్దు త్రిప్పు నీటియంత్రము. రహటా యన్నచో నూలు వడుకు చక్రము. అందు పళ్ళే లేవు. మన రాట్నశబ్దమును ఆ కుటుంబములోనిదే యని మాకు తోచుచున్నది. ఒక్క పేరు ఇన్ని యంత్రములపై వ్రాలినప్పుడు, పేరు ప్రాచీనము గనుక యంత్రమును ప్రాచీనమే యనుట ఎట్లు చెల్లును? తాతపేరు పెట్టినంతమాత్రమున మనుమడు తాత కాడు.

పళ్ళను కన్నులారచూచి వివరముగ వ్రాసిపెట్టినవాడు మన దేశమునకు క్రొత్తగా వచ్చిన యొక దొర. 1526 లో పానిపట్టున గెలిచి, 1530 లో మరణించిన బాబరు తన యాత్మకథలో లాహోరు, దీపాల్పూరు, సర్హింద్ ప్రాంతములలో పొలములకు నీరు పెట్టు పద్ధతిని వర్ణించెను. నూతి లోతునకు తగిన రెండు త్రాళ్ళ వలయములు, వాని నడుమ కఱ్ఱలు, ఆ కఱ్ఱలకు కడవలు. ఈ దండ నూతిపై చక్రముమీదుగ పోవును. ఆ చక్రపు టిరుసు రెండవ కొనను మఱియొక చక్రము. దాని ప్రక్కనే నిలువు టిరుసుపై మూడవది. ఎద్దు మూడవదానిని త్రిప్పగా దాని పళ్ళు రెండవదాని పళ్ళలో పడి కడవలు పైకి వచ్చును. ఆగ్రా, బయానా ప్రాంతములలో మాత్రము జనులు పెద్ద తోలుబక్కెతను ఎడ్లచేత లాగించి నీరు తోడుదురనియు, అది మిక్కిలి శ్రమతో కూడిన అశుచియైన పద్ధతి యనియు అతడు ఈసడించెను. అనగా మన మోటయే! తెలుగు రైతు మోటతోను కపిలతోను ఏతముతోను తరతరములుగ బంగారము పండించుకొనెనని ఆ పాదుషాకు చెప్పువారు లేకపోయిరి. మోటకు గిలక చాలును. ఎద్దు ఏటవాలున తిన్నగా దిగిపోవును, గుండ్రముగ తిరుగదు; కావున పళ్ళతో దానికి పనియే లేదు. ఉత్తరమున ఉన్నంతగా ఆ యంత్రము మనకడ లేకుండుటను లోపమనుకొన నక్కఱలేదు.

చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబ్ గారు 1969 లో భారతీయ చరిత్ర మహాసభ యెదుట ఈ విషయమును చర్చించి, పూర్వపు అరఘట్టమునకు పళ్ళచక్రములు లేవనియు, అవి తురుష్కుల రాజ్యము నెలకొనిన తరువాతనే దానికి చేరినవనియు వాదించిరి. ఈ సిద్ధాంతమును ఒప్పుకొననివారును కలరు. మేమును మొదట ఒప్పుకొనరాదనియే పుస్తకములు తెఱచితిమి. తెఱచినకొలది మా పక్షమున ఘటీమాలలు దొరకినవి, ఆకులు దొరకినవి, పళ్ళు దొరకలేదు. కావున గతసంవత్సరము ఈ వేదికపై మేము చెప్పినది నిలువదని ఇప్పుడు మేమే చెప్పుచున్నాము.

ఒకటి పోయినను నిజముగ మనదనదగిన దొకటి మిగిలినది. పత్తినుండి గింజలను వేఱుచేయు చర్ఖీని ఎఱిగిన పెద్దలు మనలో నింకను ఉండవచ్చును. రెండు సన్నని కఱ్ఱ రూళ్ళు ఒండొంటికి ఆని ఎదురెదురుగ తిరుగును; పత్తి వాని నడుమ దూరిపోవును, గింజ దూరలేక ఈవలనే రాలును. అజంతా చిత్రములలో కానవచ్చు సాధనమునకు ఒక్కటే రూలు. దానిని పలకపై దొర్లింపవలెను. రెండు రూళ్ళ చర్ఖీలో ఒక్క పిడి త్రిప్పిన చాలును, రెండవ రూలు తనంతట తిరుగును. ఎట్లనగా, రెండింటి కొనలను మరమేకు చుట్లవలె ఏటవాలుగ చెక్కి ఆ చుట్ల నొండొంటిలో పొదిగిరి. పేరులేని వడ్రంగి యొకడు ఒక కఱ్ఱముక్కమీద చెక్కిన ఈ మరచుట్టు పన్నును యంత్రచరిత్రకారులు భారతదేశపు విశేషముగ గణించుచున్నారు. పదునాఱవ శతాబ్దమునకు పూర్వమే ఇది మన దేశమున నున్నది. దీనినిగూర్చి మేము ముప్పావుగంట యుపన్యాసమున ఒక్కముక్కయు చెప్పకపోతిమి. ఏలయన దానిపై శ్లోకము లేదు.

బలము, దిక్కు అను రెండుపనులను చెప్పితిమి. మూడవపని సంఖ్యను మఱవకుండుట. గడియారపు ముండ్లు రాత్రింబవళ్ళు ఒక్క పన్నైనను తప్పకుండ పండ్రెండింటికి ఒకటి లెక్కన తిరుగుట ఇందువలననే. ఈ మూడవ ప్రయోజనమును పూర్వులలో ఎంతదూరము తీసికొనిపోయిరో తెలిసికొనగోరువారు గ్రీసుదేశమునకు పోవలెను. 1900 లో స్పంజీలకొఱకు సముద్రమున మునుగువారికి అంటికిథెరా యను ద్వీపముకడ మునిగిన ప్రాచీననౌక యొకటి కనబడెను. అందుండి 1901 లో వెలికితీసిన వస్తువులలో చిలుమెక్కిన కంచుముద్ద యొకటి కలదు. మఱుసటియేడు అందు పళ్ళచక్రము కనబడగా పండితులు నివ్వెఱపడిరి. తరువాత ఎక్స్‌రే కిరణములతో చూచి డెరెక్ ప్రైసు గారు 1974 లో గొప్ప గ్రంథము ప్రకటించిరి. 2005 లో మఱింత సూక్ష్మమైన పరికరములతో పరీక్షించిరి. ఒక అడుగు పొడవైన పెట్టెలో అమరు ఆ యంత్రమున 30 చక్రములు నేటికిని మిగిలియున్నవి. ఇది క్రీస్తుపూర్వపు రెండు, ఒకటి శతాబ్దముల నాటిది.

పంచాంగము చూడనేర్చిన మనవారికి దీని మర్మము సుబోధము. 19 సంవత్సరములలో 7 అధికమాసములు వచ్చును. అనగా 228 కి 7 కలిపి 235 చాంద్రమాసములు. ఆ కాలమున సూర్యునితోపాటు తిరిగిన 19 చుట్లను కూడ చేర్చినచో చంద్రుడు నక్షత్రచక్రమును 254 మార్లు చుట్టివచ్చును. చంద్రుని ముల్లు సంవత్సరమునకు 254 లో 19వ వంతు చుట్లు తిరుగవలెను. 254 పళ్ళ చక్రము పెట్టెలో పట్టదు. కావున ఆ శిల్పి మూడు జతలు కూర్చెను. 64 పళ్ళది 38 పళ్ళదానిని త్రిప్పును. దానితో కూడ తిరుగు 48 పళ్ళది 24 పళ్ళదానిని, దానితో కూడిన 127 పళ్ళది 32 పళ్ళదానిని త్రిప్పును. మూడు జతలను గుణించి చూడుడు, 254 కు 19 సరిగ వచ్చును. మఱియొక చక్రమునకు 223 పళ్ళు: అన్ని చాంద్రమాసములకు గ్రహణములు తిరిగి అదే క్రమమున వచ్చును గనుక. పళ్ళెన్ని యని పెద్ద యడిగిన ప్రశ్నకు రెండువేల యేండ్లనాటి కంచు ఇంత స్పష్టముగ బదులు చెప్పుచున్నది.

మనకడ ఆ గణితము లేకనా? 499 లో రచితమైన ఆర్యభటీయమున కుట్టకము కలదు. రెండు పెద్దసంఖ్యల నొండొంటితో మార్చి మార్చి భాగించి, లబ్ధములను ఒకదానిక్రింద నొకటి వ్రాసి, ఆ వల్లినిబట్టి చిన్నసంఖ్యలను రాబట్టు విధానమది. ఇక హాలండుదేశీయుడైన హైగెన్సు సంగతి వినుడు. 1682 లో పూర్తియైన తన గ్రహయంత్రమునకు భూమి, శనుల గతులు 77708431 కి 2640858 నిష్పత్తిలో నున్నవని లెక్కగట్టెను. అన్ని పళ్ళు ఎవడు కోయును? మార్చి మార్చి భాగించెను. లబ్ధములు 29, 2, 2, 1. మన వల్లివలెనే క్రిందనుండి పైకి రండు: రెండు ఒకట్లు రెండు, ఒకటి కలుప మూడు, రెండు మూళ్ళు ఆఱు, ఒకటి కలుప ఏడు, ఇరువదితొమ్మిది యేళ్ళు రెండువందల మూడు, మూడు కలుప 206. శనికి 206 పళ్ళు, దానిని త్రిప్పు చిన్నచక్రమునకు 7. వచ్చిన తప్పు సుమారు పదివేలింట నొకపాలు. ఆ సంఖ్యలు పుచ్చుకొని యంత్రము చేసినవాడు హేగు నగరపు గడియారశిల్పి యోహన్నెస్ ఫాన్ క్యూలెన్. యంత్రము నేటికిని లైడెను నగరపు వస్తుప్రదర్శనశాలలో నున్నది.

కుట్టకమును మన గణకులు అహర్గణమునకును గ్రహగణితమునకును వినియోగించిరి. మరచుట్టు పన్నును మన వడ్రంగులు పత్తికి వినియోగించిరి. గణకుని వల్లి వడ్రంగి బల్లకు చేరలేదు. ఈ లోటు మా మనస్సును కలచివేసినంతగా మఱేదియు కలచలేదు. ఏలయన మేమును ఆ గణకుల పక్షమువారమే. పదునొకండవ శతాబ్దమున భోజరాజుపేర వెలసిన సమరాంగణసూత్రధారమున యంత్రములకు ప్రత్యేకాధ్యాయ మున్నది. ఆశ్చర్యకరములైన యంత్రములు పెక్కు వర్ణితములు. కాని వాని కూర్పు చెప్పకపోవుట తెలియక కాదు, రహస్యము కాపాడుటకే యని గ్రంథకర్తయే చెప్పుకొనెను. మేము చదువుకొను దినములలో ఆ మాట మాకెంతో గంభీరముగ వినబడెడిది. 1206 లో దియార్‌బకిరు నగరమున అల్ జజరీ యను శిల్పి తన గ్రంథము నెట్లు వ్రాసెనో తెలిసిన పిమ్మట ఆ గాంభీర్యము మాకు రుచింపలేదు. అతడు ప్రతి యంత్రమునకును బొమ్మ గీసి, కొలతలిచ్చి, తరువాతివాడు చదివి చేసికొనగలుగునట్లు వ్రాసెను.

పంటి ఆకారమునుగూర్చి రెండు మాటలు. మొదటి చక్రములకు పళ్ళనగా కొట్టిన మేకులే. అవి కుదుపుతో తిరుగును. నీరు తోడుటకు చాలును గాని సూక్ష్మయంత్రములకు చాలవు. ప్రతి క్షణమున నిష్పత్తి సమముగ నుండునట్లు పంటి వంపును నిర్ణయించుటకు రోమరు, లా హీరు మొదలగువారు 17వ శతాబ్దమున పూనుకొనిరి. 18వ శతాబ్దమున ఆయిలరు నిర్ణయించిన వంపే నేటి యంత్రములలో హెచ్చుగ వాడుకలో నున్నది. బొంగరమునకు చుట్టిన త్రాటిని బిగువుగ పట్టి విప్పుచు పోయినచో త్రాటికొన గాలిలో గీయు వంపే అది. ఇరుసులు కొంచెము ఎడమైనను ఈ వంపు గల పళ్ళు నిష్పత్తిని చెడనీయవు.

ఈ జవాబంతయు కాగితముపై వ్రాసికొని మేము ఆ పెద్ద యింటికి పోయితిమి. అరుగుమీద కూర్చుండి ఓపికతో వినిరి. మేము మా తప్పు నొప్పుకొన్న భాగమును వారు పట్టించుకొననే లేదు. 127 అనగనే మమ్ము ఆపి, "అరవై నాలుగైతే సగం, సగంలో సగం చేసుకుంటూ పోవచ్చు. నలభై ఎనిమిదీ అంతే, ఆరు చేసి సగాలు చెయ్యొచ్చు. నూట ఇరవై ఏడు దేనితోనూ తెగదు గదండీ! వృత్తాన్ని ఎలా పంచాడు?" అని యడిగిరి. మాకు మరల బదులు తోచలేదు.

నెలరోజుల తరువాత వారే కబురుపంపిరి. 127 సమభాగములు గుర్తుపెట్టిన కాగితపు పట్టీని చెక్కబిళ్ళ అంచునకు సరిగ సరిపోవునట్లు చుట్టి పళ్ళు కోసిరట. మొదటి రెండు బిళ్ళలు చివరిపంటికడ అరపన్ను తేడా వచ్చి పొయ్యిలోనికి పోయినవి. మూడవది కుదిరినది. ఆ మూడు జతల చక్రములును ఒక పలకపై బిగింపబడి ఈ మహాసభ పందిటిలో ఉత్తరపు ద్వారముకడ నుంచబడును. పిడిని త్రిప్పువారు చంద్రుని ముల్లును మొదటి గుర్తుకడ నిలిపి, పిడిచుట్లు 19 నింపాదిగ లెక్కపెట్టుకొన వలెను. నడుమ వెనుకకు త్రిప్పినచో లెక్క చెడునని వారు మఱి మఱి చెప్పిరి.